మెట్ల బావి దగ్గర ఆగిన సైకిళ్ళు

వారంలో ఐదు రోజులు ఆఫీసుకీ, ఆరో రోజు ఇంటికీ చాకిరీ చేశాక, మిగిలిన ఆ ఒక్క ఆదివారం కూడా తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి సైకిలు తొక్కడానికి వెళ్ళేదాన్నంటే మా సెక్షన్లో ఎవరూ నమ్మరు. నేను కూడా సగమే నమ్ముతాను. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుని. కుర్చీలోంచి లేవాలంటే బల్ల అంచు పట్టుకోవాలి, మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి దిగాలి. నా మోకాళ్ళు నాకంటే ఎనిమిదేళ్ళు ముందే రిటైరైపోయాయి. అయినా ఒక చలికాలమంతా, నవంబరు నుంచి మార్చి దాకా, ప్రతి ఆదివారం పాత ఢిల్లీ సందుల్లో సైకిలు తొక్కాను. సరదాకి కాదు. మా అమ్మాయి మీద కాపలాకి.

మా అమ్మాయి పుట్టిందీ పెరిగిందీ ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్లలోనే. మేం తెలుగులో అడుగుతాం, అది హిందీలో జవాబిస్తుంది. బాగా ప్రేమ వచ్చినప్పుడు నాలుగు తెలుగు ముక్కలు కలుపుతుంది. పాతికేళ్ళుగా ఇంట్లో మాటలు అలాగే నడుస్తున్నాయి. ఇంజనీరింగు చదివి నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్ళు పనిచేసింది. మా పని అయిపోయిందని మేం ఊపిరి పీల్చుకునేసరికి ఆ ఉద్యోగం మానేసి ఆదివారం సైకిళ్ళు మొదలుపెట్టింది.

ఆ పనేమిటో మా చుట్టాలకి చెప్పడానికి నాకు చాలా రోజులు నోరు రాలేదు. ఏడెనిమిది మందిని వెంటేసుకుని పాత ఢిల్లీలో నిదానంగా సైకిళ్ళ మీద తిప్పడం. మూడు చోట్ల తినడం, మూడు చోట్ల చూడడం. ఆరింటికి ఢిల్లీ గేటు దగ్గర బయలుదేరితే తొమ్మిదిన్నరకి మళ్ళీ అక్కడికే చేరతారు. ఎంత నిదానమంటే, పక్కన కాలినడకన పోయే ముసలాయన వీళ్ళని దాటుకుని వెళ్ళిపోతుంటాడు. దానికి మనుషులు డబ్బు కట్టి మరీ వస్తారు.

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి,” అన్నారు మా ఆయన. ఆయనది వేరే మంత్రిత్వ శాఖ, అదే రకం కుర్చీ. “సైకిలు తొక్కడం ఒక ఉద్యోగమేంటే? చిన్నప్పుడు నేనూ రోజూ తొక్కాను. ఎవడైనా జీతమిచ్చాడా?”

దానికి అమ్మాయి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, పోట్లాడుకుని తేల్చుకునేవాళ్ళం. అది మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక షరతు పెట్టింది. మార్చి ఆఖరు దాకా గడువు కావాలంది. ప్రతి ఆదివారం కనీసం ఆరు సైకిళ్ళు కదిలితే ఇదే తన పని, మేం ఇంకేమీ అనకూడదు. కదలకపోతే మళ్ళీ నోయిడాకి వెళ్తుంది, తను ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తదు. పాత కంపెనీ వాళ్ళు ఎలాగూ రమ్మంటున్నారు. మా ఆయన వెంటనే ఒప్పేసుకున్నారు. ఢిల్లీ చలిలో, ఆ పొగమంచులో, ఆదివారం పొద్దున్న దుప్పటి వదిలి వచ్చే వెర్రివాళ్ళు ఆరుగురు దొరకరని ఆయన ధైర్యం.

దొరికారు. దీపావళి దాటేసరికి ఎనిమిది మంది, తొమ్మిది మంది వస్తున్నారు. అప్పుడే దానికి సాయంగా ఉన్న స్నేహితురాలికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఆ పిల్ల పని వరసలో చివర సైకిలు తొక్కడం. ఒక సాయంత్రం అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుని, “అమ్మా, ఆప్‌కో సైకిల్ ఆతీ హై నా?” అంది. వచ్చు. సామర్లకోటలో హైస్కూలుకి మా అన్నయ్య సైకిలు మీద వెళ్ళిన రోజులున్నాయి. వచ్చన్నాను. మా ఆయన పేపరు వెనకనుంచి తల ఎత్తి, అది లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించి, “వెళ్ళు. దగ్గరుండి చూడు. మెల్లిగా దాని మనసు మార్చు,” అన్నారు. అలా నన్ను కాపలాకి పంపారు. నేనూ కాదనలేదు.

చివర సైకిలు తొక్కే మనిషికి కొన్ని నియమాలు ఉన్నాయి. వాటిని మా అమ్మాయి నాకు మొదటి ఆదివారం స్కూటీ మీద వెళ్తూ చెప్పింది. ఎవరినీ దాటకూడదు. వెనకబడినవాళ్ళని తొందరపెట్టకూడదు. పిలవకూడదు, బెల్లు కొట్టకూడదు, సలహాలు ఇవ్వకూడదు. అందరికంటే నెమ్మదైనవాళ్ళ వెనక, ఇంకా నెమ్మదిగా రావాలి. ముందు సైకిలు మీద అది వెనక్కి తిరిగి చూడదు; వెనక నేనున్నానని దానికి తెలుసు కాబట్టి చూడక్కర్లేదు. “బస్, ఇత్నా హీ, అంతే,” అంది. సలహాలు ఇవ్వకూడదన్న ముక్క దగ్గర కొంచెం ఒత్తి పలికిందని నాకనిపించింది.

నిజం చెప్పాలంటే ఆ చివరి చోటు నాకు నచ్చింది. ఆఫీసులో నా ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి ఉంటారు, సంతకానికో సెలవుకో. ఇక్కడ నా ముందు వీపులు తప్ప ఏమీ లేవు. ఎవరూ నన్ను ఏమీ అడగరు. దర్యాగంజ్‌లో షట్టర్లన్నీ దించి ఉంటాయి, కుక్కలు బూడిద కుప్పల మీద ముడుచుకుని పడుకుని ఉంటాయి. జామా మసీదు వెనక సందులో ఒకాయన పెద్ద కడాయిలో బేడ్మీ పూరీలు వేస్తుంటాడు. మినప్పిండి కూరిన పూరీలు, పక్కన కారంగా బంగాళాదుంప కూర. అక్కడ నిలబడి తినాలి. చలికి వేళ్ళు కొంకర్లుపోయి, ఆ ఆకు దొన్నె వేడి తగిలితే ప్రాణం లేచొచ్చేది. పెళ్ళి శుభలేఖల దుకాణాల వీధి దాటాక రాగి గిన్నెలో తెల్లటి నురగ అమ్మే మనిషి. దౌలత్ కీ చాట్ అంటారు దాన్ని. పాలని రాత్రంతా మంచులో పెట్టి చిలికిన నురగ. నోట్లో పెట్టుకుంటే ఉండదు. ఇంత నురగ కోసం ఇంత దూరం వచ్చామా అని నేను సణిగితే, ముందున్న మా అమ్మాయి చెవులకి చేరదు. ఈ ఊళ్ళో ఇంతమంది తెలుగువాళ్ళున్నారు, ఒక్క ఇడ్లీ ముక్క పెట్టించవేంటే అని రెండుమూడుసార్లు అడిగాను. నవ్వి ఊరుకుంది.

మూడో చోటు మెట్ల బావి. దాని పేరు రాయను. ఎందుకు రాయనో తర్వాత మీకే తెలుస్తుంది. చుట్టూ ఇళ్ళు మూసుకొచ్చేసిన ఒక చిన్న ప్రహరీ, ఇనప గేటు, లోపల ఒక వేపచెట్టు, ఆ చెట్టు పక్కనుంచి కిందికి నలభై యాభై రాతి మెట్లు. అడుగున నీళ్ళు లేవు, ఆకులున్నాయి. గేటు మీద బోర్డు తొమ్మిది గంటలకి తెరుస్తామంటుంది. మా సైకిళ్ళు ఏడుంబావుకి చేరేవి. అక్కడి చౌకీదారు, అరవై దాటిన బీహారీ మనిషి, తనకంటే రెండు సైజులు పెద్దదైన యూనిఫాం స్వెట్టర్లో వచ్చి తాళం తీసేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడి సంగతి తెలీదు గానీ పూజారి మాత్రం ధారాళంగా ఇచ్చేశాడు.

ఉద్యోగం మానేసిన వేసవిలో మా అమ్మాయి పగలంతా ఎక్కడికి పోతోందో మాకు తెలిసేది కాదు. ఆ గేటు పక్కన అరుగు మీద కూర్చునేదట. అతని మనవరాలి స్కూలు ఫారం ఫోన్లో నింపిపెట్టిందట. అతను తన రొట్టెలో సగం పెట్టాడట. ఇది అతన్ని చాచా అంటుంది, అతను దీన్ని బేటీ అంటాడు. అంతే వాళ్ళ ఒప్పందం. దానికి కాగితం లేదు.

మెట్ల మీద అందరినీ తలా ఒక మెట్టు మీద కూర్చోబెట్టి, పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదని చెప్పేది. ఫోటోలు కూడా తియ్యకూడదు. పైన పావురాలు, పక్క ఇంట్లో కుక్కరు కూత, అంతే. ఒకసారి నోయిడా నుంచి వచ్చిన పెద్దాయన అక్కడే నిద్రపోయి గురక పెట్టాడు. ఎవరూ లేపలేదు. ఆ తర్వాత అది లేచి బావి గురించి చెప్పేది, కట్టించిన రాజుల గురించి తక్కువ, ఆ మెట్లు రోజూ రెండు పూటలా దిగి ఎక్కిన ఆడవాళ్ళ గురించి ఎక్కువ. బిందె ఏ తుంటి మీద పెట్టుకుంటే రాయి ఏ వైపు అరుగుతుందో వేలితో చూపించేది. అదంతా అది ఎక్కడ చదివిందో, ఎవరినడిగి తెలుసుకుందో నాకు తెలీదు. నేను పై మెట్టు మీద కూర్చుని వినేదాన్ని. నా పిల్ల ఇంత బాగా మాట్లాడుతుందా అనిపించేది. అలా అనిపించినప్పుడల్లా నేను వచ్చిన పని ఇంకొంచెం బరువయ్యేది.

నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే ఒక తెలుగు జంట రెండోసారి వచ్చారు. ఆ అమ్మాయి నా మాట విని, “మీరు తెలుగా ఆంటీ?” అని పలకరించింది. “మాది వరంగల్. ఈ పూరీలు గీరీలు మాకు నోయిడాలో కూడా దొరుకుతయ్ ఆంటీ. ఆ మెట్ల మీద పది నిమిషాలు కూసోవటానికే మళ్ళొచ్చినం. వారం మొత్తంల నన్ను ఎవ్వరూ పిలవని టైం అదొక్కటే,” అంది. ముందు సైకిలు తొక్కుతున్నది నా కూతురని ఆమెకి తెలీదు. చెప్పాలనిపించింది. చెప్పలేదు.

జనవరిలో ఒక శనివారం సాయంత్రం మా ఆయన టీ తాగుతూ అడిగారు. “ఏమన్నా మెత్తబడిందా?”

“లేదు.”

“రేపు ఎంతమంది?”

“పదకొండు.”

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు. మార్చి ఆఖరుకి ఇంకా రెండు నెలలుంది, సైకిళ్ళు తగ్గడం లేదు సరికదా పెరుగుతున్నాయి. ఆ షరతులో అది గెలవబోతోందని ఇద్దరికీ అర్థమైంది. గెలిస్తే ఇంక జీవితాంతం ఇదే. ఈ ఎముకలు కొరికే చలిలో, ఎవరో చౌకీదారు దయ మీద, పెన్షన్ లేదు, మెడికల్ కార్డు లేదు, రేపు కాలు విరిగితే ఎవరు తొక్కుతారు? నాకు నిజంగానే భయమేసింది. ఆ భయాన్ని ఇప్పుడు తక్కువ చేసి చెప్పను.

మర్నాడు అందరూ కిందికి దిగాక నాకు మోకాళ్ళు నొప్పిగా ఉండి గేటు దగ్గరే ఉండిపోయాను. చౌకీదారు తన ప్లాస్టిక్ కుర్చీ నాకిచ్చి, తను ఇటుకల మీద కూర్చుని, బీడీ వెలిగించుకోబోయి నా మొహం చూసి మానేశాడు. మేడమ్ ఎక్కడ పనిచేస్తారని అడిగాడు. చెప్పాను. నమ్మలేదనుకున్నానో ఏమో, పర్సులోంచి ఐడీ కార్డు తీసి చూపించాను. అతను చదవలేదు. కార్డు మీద ముద్ర చూసి లేచి నిలబడ్డాడు. అప్పటిదాకా బేటీ వాళ్ళమ్మని. ఒక్క క్షణంలో పై ఆఫీసు మనిషినైపోయాను.

అప్పుడు నేను అన్నాను, నా సీట్లో కూర్చుని రోజూ అనే గొంతుతోనే: “యే జో గేట్ ఖోల్తే హో, లిఖిత్ మే కుఛ్ హై?”

రాతపూర్వకంగా ఏమీ లేదన్నాడు.

“లే లో భయ్యా. లిఖిత్ మే లే లో. నహీ తో కల్ ఆప్ హీ ఫసోగే.” రాతలో తీసుకో, లేకపోతే రేపు చిక్కుల్లో పడేది నువ్వే అన్నాను. అతను రెండు చేతులూ జోడించి, అలాగే మేడమ్, అన్నాడు.

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం, నిజంగానే చిక్కుల్లో పడొచ్చు. ఎవరైనా సరే ఇది మంచి సలహా అంటారు. కానీ ఇరవై ఎనిమిదేళ్ళు ఫైళ్ళు చూసిన మనిషికి ఇంకో సంగతి కూడా తెలుసు. అడగందే అమ్మైనా పెట్టదంటారు బయట. మా దగ్గర అడిగితేనే పెట్టరు. అడగకుండా జరిగిపోతున్న పని ఏళ్ళ తరబడి జరిగిపోతుంది. ఎవరో ఒకరు వచ్చి దీనికి అనుమతి ఉందా అని కాగితం మీద అడిగిన రోజున, ఆ కాగితం మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి రాయాలి. రాసేవాడు ఎప్పుడూ వద్దనే రాస్తాడు. వద్దని రాసినవాడిని ఎవరూ ఏమీ అడగరు. ఇలాంటి అనుమతి గతంలో ఇచ్చిన దాఖలా లేదని నా చేత్తో నేనే ఎన్నిసార్లు రాశానో నాకు గుర్తు లేదు. ఇది తెలిసే అన్నానా, నోటికి అలవాటై వచ్చేసిందా అని అప్పట్లో నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. తెలిసే అన్నాను. మాట నోరు దాటకముందే నాకు తెలుసు.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పలేదు. ఆ రోజు పప్పు మాడిపోయింది, అన్నం రెండుసార్లు వండాను.

రెండు ఆదివారాలు ఏమీ జరగలేదు. అతను మరిచిపోయాడేమోనని ఒక పక్క నిశ్చింత, ఇంకో పక్క విసుగు. మూడో ఆదివారం తొమ్మిది సైకిళ్ళు వెళ్ళి గేటు ముందు ఆగాయి. తాళం అలాగే ఉంది. చౌకీదారు లోపలే నిలబడి ఉన్నాడు, కానీ గేటు దగ్గరికి రాలేదు.

“ఊపర్ సే మనా హో గయా, బేటీ,” అన్నాడు వేపచెట్టు వైపు చూస్తూ. పైనుంచి వద్దన్నారట. తొమ్మిది తర్వాతే తెరవాలట, అప్పుడైనా గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడాలంటే రాతపూర్వకమైన అనుమతి కావాలట. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మా అమ్మాయి అతనికోసం తెచ్చిన టీ గ్లాసుని ఇనప చువ్వల మధ్యనుంచి అందించింది. “కోయీ బాత్ నహీ చాచా,” అంది, ఏం ఫర్లేదని. తర్వాత అందరి వైపూ తిరిగి, ఇవాళ కొత్త దారి చూపిస్తానంది. కొత్త దారి ఏమీ లేదు. పాత పుస్తకాల దుకాణాల పక్కన ఫుట్‌పాత్ మీద నిలబెట్టి బావి గురించి చెప్పడానికి ప్రయత్నించింది. చెత్త బండి ఒకటి వచ్చి హారన్ కొట్టింది. రాయి అరిగిన చోటు చూపించడానికి చెయ్యి గాల్లోకి లేపి, మళ్ళీ దించేసింది. వరసలో ఆఖరున నిలబడి నేను అదంతా చూశాను. అక్కడికక్కడే చెప్పేస్తే ఆ రోజుతో పోయేది. చేతులు కాలాయి, ఆకులు పట్టుకునే ధైర్యం కూడా లేకపోయింది నాకు.

ఆ సాయంత్రం అది ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. “అమ్మా, అప్లికేషన్ కైసే లిఖ్తే హై? నీకు తెలుసు కదా ఇవన్నీ.”

తెలుసు. కూరగాయల కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, దాని పక్కన కూర్చుని నా సర్వీసులో ఎప్పుడూ రాయనంత బాగా ఆ దరఖాస్తు రాశాను. ఎవరికి రాయాలో, విషయం ఎంత క్లుప్తంగా పెట్టాలో, చరిత్ర పట్ల యువతలో ఆసక్తి అన్న ముక్క ఎక్కడ దూర్చాలో, అన్నీ చెప్పాను. వాళ్ళు వద్దనడానికి ఏ వంక వెతుకుతారో నాకు తెలుసు గనక ప్రతి వంకకీ ముందే జవాబు రాశాను. తినుబండారాలు తీసుకెళ్ళం. పదిమందికి మించం. చెత్త వెయ్యం. మా అమ్మాయి నేను చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తూ, మధ్యలో నా భుజం మీద తల ఆనించింది. “ఆప్ తో ఎక్స్‌పర్ట్ హో,” అంది. అప్పుడు నాకు నా మీద పుట్టిన అసహ్యం ఇంకా పూర్తిగా పోలేదు.

తిరస్కరణ ఫిబ్రవరి ఆఖరుకి వచ్చింది. రెండే వాక్యాలు. మీ వినతిని పరిశీలించడమైనది. కోరిన అనుమతి మంజూరు చేయుటకు వీలుపడదని తెలియజేయడమైనది. హిందీలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా, అది నా వాక్యమే. రాసినవాడి మీద కోపం కూడా రాలేదు. పొద్దున్నుంచి వాడి బల్ల మీదికి వచ్చిన పదో కాగితమో పదిహేనో కాగితమో అయ్యుంటుంది, టీ చల్లారిపోతోందని తొందరగా సంతకం పెట్టి ఉంటాడు. నేనూ అలాగే పెడతాను.

ఆ తర్వాత సైకిళ్ళు ఏడయ్యాయి, ఐదయ్యాయి. పూరీలు అవే, నురగ అదే, సందులు అవే. అయినా మనుషులు రెండోసారి రావడం మానేశారు. వరంగల్ అమ్మాయి ఒకసారి ఫోన్ చేసి బావి తెరిచారా అని అడిగిందట. లేదంటే, తెరిచినప్పుడు చెప్పమందట. మా అమ్మాయి వేరే చోట్లు వెతికింది. ఒక పాత హవేలీ వాళ్ళని అడిగింది, ఒక తోటలో కూర్చోబెట్టి చూసింది. తోటలో యోగా గుంపు నవ్వే వ్యాయామం చేస్తోంది. వీళ్ళ పది నిమిషాల మౌనం మీద ముప్ఫైమంది హాహా అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, దానికీ వచ్చింది. నవ్వు ఆగాక అది చాలాసేపు సైకిలు హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడింది.

మార్చి ఆఖరి ఆదివారం ఇద్దరే వచ్చారు. ఇద్దరితోనూ అది మొత్తం దారి తిరిగింది, ఒక్క మాట తగ్గించలేదు. మూసిన గేటు ముందు కూడా ఆగింది. తొమ్మిదిన్నరకి వాళ్ళు దండాలు పెట్టి వెళ్ళిపోయాక, ఢిల్లీ గేటు దగ్గర సైకిళ్ళు పెట్టుకోవడానికి అద్దెకి తీసుకున్న గదిలో నేనూ అదీ మిగిలాం. సైకిళ్ళని కొనడానికి ఒక స్కూలువాళ్ళు వస్తామన్నారు. మర్నాటి నుంచి నోయిడా. ఇంట్లో మా ఆయన పొద్దున్నే మిఠాయి డబ్బా తెచ్చి పెట్టారు. ఆయన్ని తప్పు పట్టలేను. మేం ఏం కావాలనుకున్నామో అదే జరిగింది.

ఇద్దరం చెరో గుడ్డ తీసుకుని సైకిళ్ళు తుడుస్తున్నాం. గొలుసులకి నల్లటి జిడ్డు పట్టేసింది. చలి పోయింది, గదిలో అప్పుడే ఉక్కగా ఉంది. చెప్పాల్సినవి రెండు మాటలు రెండు నెలలుగా నా గొంతులో ఉన్నాయి. ఒకటి నేనేం చేశానో, రెండోది ఎందుకు చేశానో. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుసు. తల ఎత్తకుండా మొదటిది చెప్పేశాను.

“చాచాకి రాతలో తీసుకోమని చెప్పింది నేనేనమ్మా.”

“పతా హై. తెలుసు,” అంది.

నేను గుడ్డ ఆపాను. దాని చెయ్యి ఆగలేదు. చక్రం తిప్పుతూ, ఒక్కో ఊచా తుడుస్తూ, సగం హిందీలో సగం తెలుగులో చెప్పింది. “ఆ రోజు సాయంత్రమే చాచా ఫోన్ చేశారు. బేటీ, మీ మమ్మీ బడీ ఆఫీసర్ హై, లిఖిత్ మే లేనే కో బోలీ, క్యా కరూ అని అడిగారు. ఆయనకి పై ఆఫీసుకి వెళ్ళి అడగాలని లేదు అమ్మా. డర్ రహే థే, భయపడ్డారు. నేనే వెళ్ళమన్నా.”

“నువ్వా?”

“మా అమ్మకి ఈ పని అంతా తెలుసు చాచా, ఆమె చెప్పిందంటే కరెక్టే అయ్యుంటుంది, చేసేయండి అన్నా.” అప్పుడు నా వైపు చూసింది. దాని మొహంలో ఎక్కడా నిష్ఠూరం లేదు. వెతికాను, లేదు. “నాకు భలే హ్యాపీ అనిపించింది అమ్మా. పప్పా లాగా కాదు, నువ్వు నా పని పక్కా చెయ్యాలని చూశావు కదా. కుదరలేదు, అంతే. నా కోసమే కదా అడిగావు నువ్వు?”

రెండో మాట నోటి దాకా వచ్చింది. దాన్ని చెప్పడానికే కదా ఇంతసేపూ కూడబలుక్కున్నాను. అది నా జవాబు కోసం చూస్తోంది, జిడ్డు గుడ్డ చేతిలో పట్టుకుని.

“అవునమ్మా,” అన్నాను. “నీ కోసమే.”

అది తలూపి, ఆ సైకిలు గోడకి ఆనించి, ఇంకో సైకిలు దగ్గరికి లాక్కుంది.